కారు బ్రేక్ హోస్ పైపులు: పరీక్షించడం, మార్చడం, ఎయిర్ తీయడం

కారు సర్వీసుకి ఇస్తే బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో చూస్తారు, బ్రేక్ ఆయిల్ లెవెల్ చూస్తారు, డ్రమ్ములు విప్పి లైనర్ల దుమ్ము దులుపుతారు. చక్రం వెనక వంపు తిరిగి ఉండే నల్లటి రబ్బరు హోస్ వంక మాత్రం పెద్దగా ఎవరూ చూడరు. పదేళ్లు దాటిన కార్లలో కూడా కంపెనీ నుంచి వచ్చిన హోసులే ఉండటం మామూలు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి ఇనప పైపుల్లో వచ్చిన ప్రెషర్ అంతా చివరి మూరెడు దూరం ఈ రబ్బరులోంచే, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్‌కి చేరాలి. స్టీరింగ్ తిరిగినప్పుడు, గుంతలో చక్రం దిగినప్పుడు వంగేది కూడా ఇదే.

హోస్ మార్చడం పెద్ద కష్టమైన పని కాదు. కష్టమంతా రెండు చోట్లే ఉంటుంది: పాత ఇనప పైపు నట్టుని మూలలు అరగకుండా విప్పడం, కొత్త హోస్‌ని మెలిక పడకుండా బిగించడం. మిగతాదంతా ఓపిక. అందుకే ఆ రెండు చోట్లా కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇక్కడ చెప్పేది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న మామూలు పెట్రోల్, డీజిల్ ఫ్యామిలీ కార్ల గురించి. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 తరహావి అనుకోండి. స్ట్రాంగ్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే ఇంట్లో ముట్టుకోవద్దు. వాటిలో కొన్నిటికి బ్రేక్ పంపు తనంతట తానే ప్రెషర్ ఎక్కించగలదు. ఎయిర్ తీయడానికి, అంటే పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడానికి కూడా కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి.

హోస్ లోపల ఏముంది, ఎందుకు పాడవుతుంది

వేలంత లావుండే ఈ హోస్ లోపలి రంధ్రం సుమారు 3 మిల్లీమీటర్లే. లోపల ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు గొట్టం, దాని మీద గట్టిగా అల్లిన సింథటిక్ దారం, పైన మళ్లీ రబ్బరు తొడుగు. రెండు చివర్లా ఇనప ఫిట్టింగులు నొక్కి బిగించి ఉంటాయి. బలమంతా ఆ దారం అల్లికదే. పైరబ్బరు పని నీళ్లు, దుమ్ము, ఎండ దారం దాకా చేరకుండా ఆపడం.

టైరులో గాలి 33 పీఎస్ఐ ఉంటే, సడన్ బ్రేక్ కొట్టినప్పుడు ఈ హోస్‌లో ప్రెషర్ వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. అయినా మంచి హోస్ ఉన్నట్టుండి పేలిపోవడం అరుదు. అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 106 ప్రకారం ఈ సైజు హోస్ 4,000 పీఎస్ఐ దగ్గర రెండు నిమిషాలు నిలబడాలి, 7,000 పీఎస్ఐ లోపు పగలకూడదు. కాబట్టి మనకి ఎదురయ్యే సమస్య చాలావరకు నెమ్మదిగా వచ్చేదే. పైన పగుళ్లు వస్తాయి, ఫిట్టింగ్ దగ్గర చెమ్మ కనిపిస్తుంది, ఒకచోట బుడగలా ఉబ్బుతుంది, లేదంటే లోపలి గొట్టం వాచి రంధ్రం మూసుకుపోతుంది. ఈ చివరిది బయటికి కనిపించదు. అందుకే దానికి వేరే పరీక్ష చేయాలి.

మన దగ్గర దీన్ని త్వరగా పాడుచేసేవి కొన్నున్నాయి. ఎండలో రోజంతా నిలబడే కార్లకి పైరబ్బరు పెళుసుబారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో రబ్బరు కంటే ముందు ఇనుము పోతుంది. హోస్ మధ్యలో దాన్ని సస్పెన్షన్‌కి పట్టి ఉంచే రేకు బ్రాకెట్ లోపల తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, రబ్బరుని చుట్టూ నొక్కేస్తుంది. పైకి హోస్ కొత్తదానిలా ఉన్నా లోపల దారి మూసుకుపోతుంది.

ఇంకొకటి కారు కింద తుప్పు పట్టకుండా డీజిల్, పాత ఇంజన్ ఆయిల్ స్ప్రే చేయించే అలవాటు. ఇనుముకి అది మంచిదో కాదో అలా ఉంచండి, ఈపీడీఎం రబ్బరుకి మాత్రం పెట్రోలియం నూనెలు పడవు. అవి తగిలితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చేతికి జిగురుగా అంటుకుంటుంది. స్ప్రే చేయిస్తున్నప్పుడు దగ్గర నిలబడి హోసుల మీద పడనివ్వకండి. బ్రేక్ భాగాలు డీజిల్‌తో, కిరసనాయిలుతో కడిగితే ఒప్పుకోకండి.

బయటి నుంచి చూడటం

కారు చదునైన నేల మీద పెట్టి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే ఆ వైపు ముందు హోస్ చాలావరకు చక్రం విప్పకుండానే కనిపిస్తుంది. టార్చి వేసి, పొడి గుడ్డతో దాని మీద మట్టి తుడవండి. గుడ్డకి పెట్రోలు తగలకూడదు.

ఇప్పుడు హోస్‌ని రెండు వేళ్లతో కొద్దిగా వంచండి. తిన్నగా ఉన్నప్పుడు కనిపించని పగుళ్లు వంచితే నోరు తెరుస్తాయి. ముఖ్యంగా ఫిట్టింగ్ దగ్గర మొదటి అంగుళంలో చూడండి, ఎక్కువ వంగేది అక్కడే. వెంట్రుకవాసి గీతలు పైపైనే ఉంటే పాతబడుతోందని అర్థం, కొద్ది నెలల్లో మార్చే ఏర్పాటు చేసుకోవచ్చు. పగులు లోపల తెల్లగానో లేత రంగులోనో దారం కనిపిస్తే మాత్రం ఆ కారు ఇక హోస్ మారేదాకా కదలకూడదు.

ఒక పక్క మాత్రమే నున్నగా మెరుస్తూ, రబ్బరు చదునుగా అరిగి ఉంటే అక్కడ టైరో, రిమ్మో, షాక్ అబ్జార్బరో రాసుకుంటోందన్నమాట. వెడల్పు టైర్లు, బయటి అల్లాయ్ వీల్స్ వేయించిన కార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. అప్పుడు కొత్త హోస్ వేసినా సరిపోదు, రాపిడికి కారణం తీసేయాలి.

ఫిట్టింగ్ చివర చెమ్మ ఉంటే టిష్యూ పేపర్ అద్ది చూడండి. నీళ్లయితే కాసేపటికి ఆరిపోతాయి. బ్రేక్ ఆయిల్ ఆరదు, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, లేత తేనె రంగులో ఉంటుంది. అనుమానం ఉంటే తుడిచి, కారు ఓ రోజు నడవకుండా ఉంచి మళ్లీ చూడండి.

తర్వాత ఇంట్లో ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, గేర్ న్యూట్రల్‌కి మార్చి ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్ గట్టిగా తొక్కి పట్టమనండి. హోస్ చుట్టూ చెయ్యి వేసి ఉంచండి. మొహం మాత్రం దూరంగా పెట్టండి. మంచి హోస్ కొద్దిగా గట్టిపడినట్టు అనిపిస్తుంది, అంతే. ఒకచోట మాత్రం బుడగలా లేస్తే అక్కడ దారం తెగిపోయినట్టే.

వెనక హోసులు చూడాలంటే కారు ఎత్తాల్సిందే. బాడీ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లేచోట ఉంటాయవి. అక్కడ బురద గడ్డకట్టి ఉంటుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. బ్రష్‌తో దులిపి అదే పద్ధతిలో చూడండి. పరీక్ష మధ్యలో ఆపితే ఆపండి గానీ, వెనక చూడకుండా అయిపోయిందనుకోవద్దు.

లోపల మూసుకుపోయిందేమో తెలుసుకోవడం

మా బావ కారు ఎడమ ముందు చక్రం, హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లేసరికి దగ్గరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. చూపించిన చోట ప్యాడ్లు మార్చారు, కొన్నాళ్లకి క్యాలిపర్ కిట్టు కూడా వేశారు. వేడి తగ్గలేదు. చివరికి దోషం హోస్‌లో తేలింది. బయట ఒక్క పగులు లేదు. విప్పి కోసి చూస్తే బ్రాకెట్ దగ్గర రంధ్రం గుండుసూది పట్టేంత మిగిలింది.

ఇలాంటి హోస్‌లోంచి పెడల్ తొక్కే బలానికి ఆయిల్ ఎలాగో ముందుకి వెళ్తుంది. పెడల్ వదిలాక తిరిగి రావడానికి మాత్రం వెనక నుంచి తోసే బలం లేదు. దాంతో క్యాలిపర్‌లో ప్రెషర్ చిక్కుకుపోయి ప్యాడ్లు డిస్కుని పట్టే ఉంటాయి. నడిపేవాళ్లకి లక్షణం ఇలా తెలుస్తుంది: ఎడమ హోస్ మూసుకుంటే, బ్రేక్ వేసిన క్షణంలో ఎడమ చక్రానికి ప్రెషర్ ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కారు కుడికి లాగుతుంది. పెడల్ వదిలాక ఎడమ చక్రం ఇంకా పట్టే ఉంటుంది కాబట్టి ఎడమకి లాగుతుంది. ఇలా రెండు రకాలుగా లాగితే హోస్‌నే ముందు అనుమానించండి.

నిర్ధారించుకోవడానికి ఓ పది కిలోమీటర్లు మామూలుగా నడిపి వచ్చి, నాలుగు రిమ్ముల దగ్గర అరచేతి వెనక భాగం ఆనకుండా పెట్టి వేడి పోల్చండి. డిస్కు తాకొద్దు, కాలుతుంది. ఒకటే ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, పెడల్ గట్టిగా తొక్కి వదలండి. చక్రం చేత్తో తిరగకుండా పట్టేసి ఉంటే, క్యాలిపర్ మీద ఉన్న బ్లీడర్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) ప్లాస్టిక్ ట్యూబు పెట్టి పావు మలుపు వదులు చేయండి.

ఆయిల్ చిమ్మి, చక్రం వెంటనే వదులైతే ప్రెషర్ లోపల చిక్కుకుందన్నమాట. ఒక్క చక్రానికే ఇలా అయితే నూటికి తొంభై పాళ్లు హోసే. రెండు ముందు చక్రాలూ కలిసి పట్టేస్తుంటే హోస్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండర్ వైపు చూడండి. నిపుల్ వదులు చేసినా చక్రం అలాగే బిగిసి ఉంటే క్యాలిపర్ పిస్టనో, స్లైడ్ పిన్నులో జామ్ అయ్యాయి. అప్పుడు హోస్ మార్చినా డబ్బు దండగ.

ఏది కొనాలి

ఒక పక్క పాడైతే రెండో పక్కది కూడా అదే వయసుది. అందుకే ముందు రెండూ, లేదా వెనక రెండూ జతగా మార్చండి. ఆరేడేళ్లు దాటాక ప్రతి సర్వీసులో దగ్గరగా చూడాలని, పదేళ్లకి పగుళ్లు లేకపోయినా నాలుగు వైపులా మార్చేయాలని నా పద్ధతి. కారు ఖరీదుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు.

కౌంటర్‌లో మోడల్ పేరు ఒక్కటే చెప్తే చాలదు, ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి. ఎడమ, కుడి హోసులు ఒకేలా కనిపించినా ఫిట్టింగ్ కోణం, బ్రాకెట్ వైపు మారతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత హోస్ చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పొడవు, రెండు చివర్లు, బ్రాకెట్ చోటు సరిచూసుకోవచ్చు. హోస్ మీద తయారీదారు గుర్తు, తేదీ, ప్రమాణం అచ్చు వేసి ఉండాలి. మన దేశంలో ఈ హోసులకి ఐఎస్ 7079 ఉంది, బయట నుంచి వచ్చిన వాటి మీద ఎస్ఏఈ జే1401 లాంటివి కనిపిస్తాయి. ఏ అచ్చూ లేని హోస్ సగం ధరకి ఇచ్చినా వద్దు.

స్టీలు జాలీ చుట్టిన హోసులు పెడల్ కొంచెం గట్టిగా అనిపించేలా చేస్తాయి. రోజూ పిల్లల్ని బడికి దింపే కారుకి అవి అక్కర్లేదు. లోపలి గొట్టం ఎలా ఉందో జాలీ మీద నుంచి చూసి చెప్పలేం.

హోసుతో పాటు కొత్త రాగి వాషర్లు తీసుకోండి, హోస్‌ని క్యాలిపర్‌కి పట్టే ఒక్కో బ్యాంజో బోల్టుకి (లోపల బోలుగా ఉండే బోల్టు) రెండు. హోస్‌ని బ్రాకెట్‌కి పట్టే క్లిప్పు తుప్పు పట్టి ఉంటే అదీ కొనండి. ఏ బ్రేక్ ఆయిల్ వాడాలో, దాన్ని పోసే రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. తేమ మూతలోంచే కాదు, హోస్ రబ్బరు గుండా కూడా నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అందుకే సీలు తీయని డబ్బా మాత్రమే వాడండి. నిరుడు సగం వాడి అటక మీద పెట్టింది పనికిరాదు. సిలికాన్ రకం డాట్ 5 ఈ కార్లలో పోయకూడదు.

సామాను, ముందు రోజు పని

జాకీ, రెండు స్టాండులు కావాలి. ఇటుకలు, రాళ్లు పెట్టి కారు కింద చెయ్యి పెట్టే సాహసం వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనప పైపు నట్టుకి ఫ్లేర్ నట్ స్పానర్ కొనండి. సాధారణంగా 10 మి.మీ. సరిపోతుంది, కొన్ని కార్లకి 11. మామూలు స్పానర్ నట్టుని రెండు పక్కలే పట్టుకుంటుంది. ఈ స్పానర్ పైపు దూరడానికి చిన్న సందు మాత్రం వదిలి దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. ఈ పనిలో ఒకే ఒక్క పనిముట్టు మీద డబ్బు పెట్టాలంటే దీని మీదే పెట్టండి. బ్యాంజో బోల్టుకి 12, 14 లేదా 17, నిపుల్‌కి 8 లేదా 10 స్పానర్లు దగ్గర ఉంచుకోండి. ఇంకా టార్క్ రెంచ్, సన్నని పారదర్శక ట్యూబు, ఖాళీ బాటిల్, వైర్ బ్రష్, కళ్లద్దాలు, గ్లవ్స్, బకెట్ నీళ్లు.

నీళ్లు ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. తుడిస్తే పాకుతుంది, నీళ్లు పోస్తే కడుక్కుపోతుంది. చుక్క పడిన వెంటనే నీళ్లు పోయండి.

ముందు రోజు సాయంత్రమే చక్రం విప్పి, పైపు నట్టు చుట్టూ వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు వదిలించే స్ప్రే ఒకట్రెండు చుక్కలు నట్టు పైపుని పట్టే చోట వేయండి. డిస్కు, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ కప్పండి. రాత్రంతా నానితే పొద్దున పని సగం తేలికవుతుంది.

పాత హోస్ విప్పడం

ముందు రిజర్వాయర్ మూత చుట్టూ తుడిచి, లెవెల్ మ్యాక్స్ దాకా నింపండి. పైపు తెరిచి ఉన్నంతసేపు ఆయిల్ కారుతూనే ఉంటుంది. రిజర్వాయర్ ఖాళీ అయితే, బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లి, దాన్ని తీయడానికి స్కానర్ కావాల్సి వస్తుంది. దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. ఇంజన్ ఆపి ఉంచి, విప్పబోయే చక్రం నిపుల్‌కి ట్యూబు పెట్టి వదులు చేయండి. పెడల్‌ని ఓ మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి నొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర అడ్డు పెట్టండి. తర్వాత నిపుల్ బిగించండి. ఇలా నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ నుంచి వచ్చే దారి మూసుకుంటుంది, కారడం దాదాపు ఆగిపోతుంది. ఈలోగా బ్రేక్ లైట్లు వెలుగుతూ బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి నెగటివ్ కేబుల్ తీసేయండి.

ఇక పైపు నట్టు. క్లిప్పు తీయకముందే, హోస్ బ్రాకెట్‌లో కదలకుండా ఉన్నప్పుడే దీన్ని వదులు చేయాలి. హోస్ వైపు ఫిట్టింగ్‌ని ఒక స్పానర్‌తో పట్టి, నట్టుని ఫ్లేర్ స్పానర్‌తో విప్పండి. ఒక్కసారిగా గుంజకుండా, బలం నెమ్మదిగా పెంచుతూ పోండి. టక్ మని వదిలిన చప్పుడు రాగానే ఆగి, ఇనప పైపు వంక చూడండి. నట్టు తిరుగుతూ పైపు నిలకడగా ఉంటే సరే. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే అక్కడే ఆపండి. ఇంకో పావు మలుపు తిప్పితే పైపు విరుగుతుంది. రెండు వైపులకీ కొంచెం కొంచెం కదుపుతూ, స్ప్రే వేస్తూ, మళ్లీ ఆగుతూ ప్రయత్నించండి.

అప్పటికీ రాకపోతే మరో దారి ఉంది. హోస్ ఎలాగూ పారేసేదే కదా. క్యాలిపర్ చివర ముందు విప్పి, క్లిప్పు తీసి, ఈసారి నట్టుని కదలకుండా పట్టి హోస్‌నే తిప్పండి. పైపు తిరగదు, హోస్ దాని మీద నుంచి ఊడి వస్తుంది. నట్టు మూలలు అరిగిపోవడం మొదలైతే మాత్రం వైస్ గ్రిప్ వేసి పట్టుదలకి పోకండి. మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి, లేదా కారు తోయించుకుని వెళ్లండి. పైపు చివర కొత్తగా ఫ్లేర్ చేసి (గరాటులా వెడల్పు చేసి) కొత్త నట్టు వేయడం వాళ్ల దగ్గర మామూలు పనే. నిప్పు పెట్టి వేడి చేద్దామన్న ఆలోచన వద్దు, బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది.

నట్టు వచ్చాక పైపు చివరకి నిపుల్ మీది రబ్బరు టోపీ ఒకటి తొడిగితే ఆయిల్ కారదు, దుమ్ము పోదు. క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో పైకి తట్టి తీయండి. సస్పెన్షన్ దగ్గరి బ్రాకెట్ బోల్టు, చివరగా క్యాలిపర్ దగ్గర బ్యాంజో బోల్టు విప్పండి. పాత రాగి వాషరు ఒకటి క్యాలిపర్‌కే అతుక్కుని ఉండిపోతుంది. గోటితో గీకి చూసుకోండి. దాని మీదే కొత్తది వేస్తే లీకవుతుంది. హోస్ విప్పే ముందు అది ఎటు నుంచి ఎటు వంపు తిరిగి ఉందో రెండు మూడు కోణాల్లో ఫోటోలు తీసి ఉంచుకుంటే బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

క్యాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని హోస్‌కి వేలాడదీయొద్దు. తీగతో స్ప్రింగ్‌కి కట్టండి. ఆ బరువుకి లోపలి గొట్టం చిరుగుతుంది, పైకి ఏమీ తెలియదు.

కొత్తది బిగించడం

హోస్ రెండు చివర్ల ప్లాస్టిక్ మూతలు బిగించే క్షణం దాకా తీయకండి. క్యాలిపర్ చివర ముందు పెట్టండి: బోల్టు తలకీ హోస్ కన్నుకీ (బోల్టు దూరే రింగు) మధ్య ఒక వాషరు, కన్నుకీ క్యాలిపర్‌కీ మధ్య ఒక వాషరు. హోస్ కన్ను మీద చిన్న ముక్కులాంటిది ఉంటే అది క్యాలిపర్ గాడిలో కూర్చోవాలి. బోల్టు చేత్తో తగిలించి వదిలేయండి, ఇప్పుడే బిగించొద్దు. కొన్ని కార్లలో బ్యాంజో ఉండదు, హోస్ చివరే స్క్రూలా తిరుగుతూ క్యాలిపర్‌లోకి దిగుతుంది. అలాంటిదైతే ముందు దాన్నే పూర్తిగా బిగించాలి, ఎందుకంటే రెండో చివర తగిలించాక హోస్ తిరగదు.

పైపు నట్టుని వేళ్లతోనే మూడు నాలుగు మలుపులు ఎక్కించండి. వేళ్లకి ఎక్కట్లేదంటే మర తప్పినట్టే. వెనక్కి తీసి, పైపుని కొద్దిగా కదిపి, తిన్నగా పెట్టి మళ్లీ ఎక్కించండి. ఇక్కడ స్పానర్‌తో బలవంతం చేస్తే పైపు నట్టు, కొత్త హోస్ రెండూ పోతాయి. వేళ్లతో ఎక్కాక హోస్ ఫిట్టింగ్‌ని బ్రాకెట్ గాడిలో కూర్చోబెట్టి, క్లిప్పు పూర్తిగా దిగేలా కొట్టండి.

ఇప్పుడు మెలిక చూసుకోవాలి. చాలా హోసుల మీద పొడవునా తెల్లని గీత ఉంటుంది, దాని పని ఇదే. గీత ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే పక్కన సాగాలి. హోస్ చుట్టూ తిరిగి కనిపిస్తే మెలిక పడింది. మెలిక పడిన హోస్ ప్రతి గుంతలో మరింత మెలిపడి, ఫిట్టింగ్ దగ్గర ముందుగా పగులుతుంది. గీత సరిపోయాకే మధ్య బ్రాకెట్ బోల్టు, తర్వాత బ్యాంజో బోల్టు, పైపు నట్టు బిగించండి. ఈ తరహా కార్లలో బ్యాంజో బోల్టుకి టార్క్ 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య, పైపు నట్టుకి 16కి అటూ ఇటూగా ఉంటుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. రాగి మెత్తనిది, ఎక్కువ బిగిస్తే లీకు ఆగదు, వాషరు నలిగిపోతుంది.

తర్వాత చక్రం గాల్లో ఉండగా స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, దేనికీ తగలకూడదు. ఆపైన లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి సస్పెన్షన్‌ని కొంచెం పైకి లేపి మళ్లీ తిప్పండి. గాల్లో వేలాడే చక్రం దగ్గర సరిగ్గా ఉన్న హోస్, కారు బరువు పడగానే స్ప్రింగ్‌కి రాసుకోవచ్చు. చక్రం వేశాక కూడా ఒకసారి తిప్పి, టైరుకీ హోస్‌కీ మధ్య సందు కంటితో చూడండి.

వెనక హోసులకి పద్ధతి ఇదే. రెండు చివర్లా ఇనప పైపు నట్లే ఉంటాయి కాబట్టి మొదటి గండం రెండుసార్లు దాటాలి. బయట తుప్పు కూడా ఎక్కువే, కాబట్టి రెండు రోజుల ముందు నుంచే స్ప్రే వేయండి. బిగించాక యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు హోస్ తాడులా లాగకుండా వంపు మిగలాలి.

ఎయిర్ తీయడం

పెడల్‌కి అడ్డు పెట్టిన కర్ర తీసేయండి. రిజర్వాయర్ నింపండి. హోస్ మార్చిన చక్రం నిపుల్‌కి ట్యూబు పెట్టి, రెండో చివర కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న బాటిల్‌లో ముంచి, నిపుల్ వదులు చేసి కాసేపు ఊరకే కారనివ్వండి. కొత్త హోస్ దానంతట అదే నిండుతుంది, తర్వాత పెడల్ పని తగ్గుతుంది.

ఆపైన ఇద్దరి పని. ఇంజన్ ఆపి ఉంచాలి. మా తమ్ముడు సీట్లో, నేను చక్రం దగ్గర ఉంటే మాటలు మూడే: "తొక్కు" అంటాను, వాడు తొక్కి "పట్టుకున్నా అన్నా" అంటాడు, అప్పుడు నిపుల్ తెరిచి మూసి, "వదులు" అంటాను. నిపుల్ మూయకముందే పెడల్ వదిలితే గాలి వెనక్కి పీలుస్తుంది. అందుకే ఆ మధ్య మాట వినపడేదాకా స్పానర్ కదపకూడదు, నేను "వదులు" అనేదాకా కాలు తీయకూడదు.

పెడల్ నేలకి ఆనేదాకా తొక్కించకండి. పాత కారులో మాస్టర్ సిలిండర్ సీళ్లు మామూలుగా వెళ్లని గరుకు భాగంలోకి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెడితే చాలు. గబగబా పంపు కొట్టినా బుడగలు చిన్నవైపోయి ఆయిల్‌లో కలుస్తాయి, నిదానంగానే తొక్కాలి. నాలుగైదు సార్లకోసారి లెవెల్ చూసి నింపుతూ ఉండండి.

ఆ చక్రంలో బుడగలు ఆగాక మిగతా చక్రాలు కూడా చేయండి, ఆయిల్ ఎలాగూ పాతదే. క్రమం కంపెనీ మాన్యువల్ చెప్పినట్టు ఉండాలి. ప్రత్యేకంగా ఏమీ చెప్పని చోట మాస్టర్ సిలిండర్‌కి దూరం నుంచి దగ్గరికి వస్తారు. మన కుడిచేతి స్టీరింగ్ కార్లలో ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. నిపుల్స్ చిన్నవి, గట్టిగా గుంజితే విరుగుతాయి. బయటికి వచ్చిన ఆయిల్ కొత్తదిలా కనిపించినా మళ్లీ పోయకండి, కాలవలోనూ పారబోయకండి. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌కి ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇవ్వండి.

రోడ్డెక్కే ముందు

ఇంజన్ ఆపి ఉండగా పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో లీకుంది. మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు తొక్కాక గట్టిపడితే గాలి ఇంకా ఉంది, మళ్లీ ఎయిర్ తీయాలి. గట్టిగా నిలిస్తే, తీసిన బ్యాటరీ కేబుల్ మళ్లీ తగిలించి, తొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చేయండి. కాలి బలాన్ని పెంచే బూస్టర్ అందుకోగానే పెడల్ కొంచెం దిగి ఆగాలి, అది సహజం.

మీరు విప్పిన ప్రతి జాయింటునీ నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి, ఎవరినైనా గట్టిగా తొక్కమని పొడి టిష్యూ అద్దండి. టిష్యూ పొడిగానే రావాలి. డిస్కు మీద ఆయిల్ పడితే బ్రేక్ క్లీనర్‌తో కడగండి. ప్యాడ్లకి అంటి పీల్చేస్తే అవి మార్చాల్సిందే, ఎండలో పెడితే పోదు.

వీల్ నట్లు కారు నేల మీదికి దిగాక టార్క్ రెంచ్‌తో బిగించండి. ఖాళీ సందులో పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి కొన్నిసార్లు ఆపండి. ఏ పక్కకీ లాగకపోతే కొంచెం వేగం పెంచి మళ్లీ ఆపండి. తిరిగొచ్చి రిమ్ముల వేడి పోల్చండి, రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉండాలి. మర్నాడు పొద్దున కారు తీయకముందు లెవెల్, జాయింట్ల చెమ్మ చూడండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసి, నిపుల్ టోపీలన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. హోస్ మార్చిన తేదీ, కిలోమీటర్లు సర్వీస్ బుక్‌లో రాసి, బ్రేక్ ఆయిల్ మార్చాల్సిన గడువు పక్కనే వేసుకోండి. చాలా కంపెనీలు అది రెండేళ్లని చెప్తాయి.